తొమ్మిదో తరగతి అబ్బాయి, 78 కిలోలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు రాసింది ఒకసారి క్లుప్తంగా చెప్పుకుని మొదలుపెడతాను. మీ అబ్బాయికి 14 ఏళ్లు, ఎత్తు 162 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటున్నారు. మీరిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, ఇంట్లో మీ అత్తగారు ఉంటారు, వాడికో చెల్లెలు ఉంది. నెల రోజుల నుంచి రాత్రి అన్నం మాన్పించి రెండు చపాతీలే పెడుతున్నారు. వాడు ప్రతిదానికీ చిరచిరలాడుతున్నాడు, మొన్న స్కూల్ బ్యాగులో చిప్స్ కవర్లు దొరికాయి. ఫిబ్రవరిలో మీ మరిది పెళ్లి, ఆ లోపు పది కిలోలైనా తగ్గాలి. కీటో (అన్నం, చపాతీలు దాదాపు మానేసి కొవ్వు ఎక్కువ తినే డైట్) పెట్టాలా, పదహారు గంటలు తినకుండా ఉంచాలా, జిమ్‌కు పంపితే ఎత్తు ఆగిపోతుందా అని అడిగారు.

సూటిగా చెప్తాను. పెళ్లిలోపు పది కిలోల మాట పూర్తిగా వదిలేయండి. కీటో వద్దు, ఉపవాసాలు వద్దు. మీ వాడు ఇంకా ఎదిగే వయసులో ఉన్నాడు. వచ్చే ఏడాదంతా బరువు ఇక్కడే నిలబడి ఎత్తు పెరిగితే చాలు, అది నిజంగా మంచి ఫలితం. అందుకు వాడి ఒక్కడి కంచం మారిస్తే కుదరదు. ఇంట్లో అందరి తిండి, సాయంత్రాలు, పడుకునే వేళ మారాలి. వీటన్నిటికంటే ముందు, వాడి ఒంటి గురించి ఇంట్లో మాట్లాడే తీరు మారాలి.

మాది మదనపల్లె. ఇక్కడ బెంగళూరులో పందొమ్మిదేళ్లుగా పిల్లలకు న్యూట్రిషనిస్టుగా పని చేస్తున్నాను. నేను డాక్టరును కాను, పిల్లల డాక్టర్లతో కలిసి చూస్తాను. కాబట్టి పరీక్షలు, మందుల విషయంలో డాక్టరు చెప్పిందే ఆఖరి మాట.

ముందు లెక్క చూద్దాం. మీరిచ్చిన కొలతలకు బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూసే లెక్క, 29.7 వస్తుంది. పెద్దవాళ్ల పట్టికతో పిల్లల్ని చూడకూడదు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2015లో 5 నుంచి 18 ఏళ్ల పిల్లలకు విడిగా చార్టులు ఇచ్చింది, ఆడపిల్లలకు వేరు, మగపిల్లలకు వేరు. అందులో పైన రెండు గీతలుంటాయి. ఒకటి పెద్దయ్యాక 23 బీఎంఐకి చేరే గీత, రెండోది 27కి చేరేది. మొదటిది దాటితే అధిక బరువు, రెండోది దాటితే ఊబకాయం. మీ వాడు రెండో గీతకు పైన ఉన్నాడు. అంటే మీ భయం ఉత్తది కాదు. "వయసొస్తే వాడే సాగుతాడులే" అని మీ ఆయన అంటున్నారని రాశారు, అలా వదిలేయడం కూడా తప్పే.

కానీ ఇదే పిల్లాడు 78 కిలోల దగ్గరే ఉండి 170 సెంటీమీటర్లకు ఎదిగితే బీఎంఐ 27కి దిగుతుంది. ఒక్క కిలో కూడా తగ్గకుండానే. మగపిల్లలు బాగా సాగేది 13, 14 ఏళ్ల ప్రాంతంలోనే. ఆ సమయంలో కడుపు మాడిస్తే కరిగేది కొవ్వొక్కటే కాదు, కండ కూడా పోతుంది, ఎముకకు అందాల్సింది అందదు. అయితే ఒక మాట. గొంతు మారి, మీసం వచ్చి రెండేళ్లు దాటిన పిల్లలైతే ఎత్తు మీద అంత ఆశ పెట్టుకోలేం. ఆడపిల్లలైతే మొదటిసారి నెలసరి వచ్చిన తర్వాత మామూలుగా ఇంకో 5 నుంచి 7 సెంటీమీటర్లే పెరుగుతారు. అలాంటప్పుడు నెలకు కిలో, మహా అయితే రెండు కిలోల చొప్పున మెల్లగా తగ్గించాలి, అదీ డాక్టరు చూస్తుండగా. మీ వాడు ఏ దశలో ఉన్నాడో డాక్టరు చూడగానే చెప్పేస్తారు.

డైట్ చార్టు ఎందుకు వద్దంటున్నానంటే, నేనే ఒకప్పుడు ఇచ్చాను కాబట్టి. పనిలో చేరిన కొత్తలో కృష్ణరాజపురం నుంచి పదమూడేళ్ల అబ్బాయిని తీసుకొచ్చారు. నేను 1200 క్యాలరీల చార్టు రాసిచ్చాను. ఆ వయసు మగపిల్లలకు రోజుకు సుమారు 2860 క్యాలరీలు కావాలని మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అందులో సగం కూడా పెట్టలేదు నేను. మొదటి నెలలో నాలుగు కిలోలు తగ్గాడు. అందరం మెచ్చుకున్నాం. మూడో నెల నుంచి రావడం మానేశారు. ఏడాదిన్నర తర్వాత వాళ్లమ్మ మళ్లీ తీసుకొచ్చింది, మొదటిసారి కంటే తొమ్మిది కిలోలు ఎక్కువగా. ఇల్లు మారేటప్పుడు పరుపు ఎత్తితే కింద బిస్కెట్ కవర్లు కనబడ్డాయట. చప్పుడు కాకుండా ఒక్కోదాన్ని నాలుగు మడతలు పెట్టి, పేర్చి దాచుకున్నాడు. ఆ మడతల గురించి చెబుతూ ఆమె ఏడ్చింది. ఆ పిల్లాడిని దొంగతిండికి నెట్టింది నా చార్టే. ఆ తర్వాత ఎదిగే పిల్లలకెవరికీ నేను క్యాలరీల చార్టు రాయలేదు.

ఇది నా ఒక్కదాని అనుభవమే కాదు. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు టీనేజీ పిల్లలను ఏళ్ల తరబడి గమనించారు. డైటింగ్ చేసిన పిల్లలే ఐదేళ్ల తర్వాత మిగతా వాళ్లకంటే ఎక్కువ బరువు పెరిగారు, అదుపు లేకుండా తినే అలవాటూ వాళ్లలోనే ఎక్కువ కనబడింది. మీ వాడి బ్యాగులో దొరికిన కవర్లు చూసి కోపం తెచ్చుకోకండి. పిల్లాడికి ఆకలేస్తోంది, ఆ సంగతి మీతో చెప్పుకోలేకపోతున్నాడు. ఇకమీదట బ్యాగు వెతకొద్దు.

రెండో వైపు ప్రమాదం కూడా చెప్పాలి. పదిహేనేళ్ల అమ్మాయిని జుట్టు రాలిపోతోందని నా దగ్గరకు తెచ్చారు. మూడు నెలల్లో పదకొండు కిలోలు తగ్గింది. చుట్టాలందరూ తెగ మెచ్చుకున్నారు, ఎలా తగ్గావో మా పిల్లకూ చెప్పమని ఫోన్లు చేశారు. ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది, ముంజేతుల మీద సన్నటి నూగు పెరిగింది. నెలసరి ఎప్పుడు వచ్చిందమ్మా అని అడిగితే వేళ్లు లెక్కబెట్టి నాలుగు నెలలంది. మధ్యాహ్నం బాక్సు రోజూ పక్క అమ్మాయికి ఇచ్చేస్తోంది. ఇది తిండికి సంబంధించిన మానసిక జబ్బు. పిల్లల డాక్టరు, సైకియాట్రిస్టు, నేను కలిసి చూస్తే కోలుకోవడానికి ఏడాది దాటింది. లావుగా ఉన్న పిల్లలకు అలాంటివి రావనుకుంటాం. లావుగా ఉండి మాటలు పడ్డ పిల్లలకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

ఇక పరీక్షలు. ఏదైనా మొదలుపెట్టే ముందు పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. బీపీ, పరగడుపున షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్), కొలెస్ట్రాల్, లివర్‌కు ఎస్‌జీపీటీ మామూలుగా చూస్తారు. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే షుగర్ గడప దగ్గర ఉన్నట్టు. థైరాయిడ్ వల్లే అని చాలామంది ఆశగా అడుగుతారు. తిండి వల్ల లావైన పిల్లలు వయసుకు కాస్త పొడుగ్గానే ఉంటారు. హార్మోన్ల తేడా ఉంటే ఎత్తు ఆగిపోతుంది. లావుగా ఉండి, ఎత్తు పెరగని పిల్లలకు ఆ పరీక్షలు తప్పక చేయించాలి. మూర్ఛకు, ఉబ్బసానికి, మనసుకు సంబంధించిన వాటికి వాడే కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి, ఏవైనా వాడుతుంటే డాక్టరుకు చెప్పండి. సొంతంగా ఆపొద్దు.

వాడి మెడ వెనక, చంకల్లో చూడండి. చర్మం నల్లబడి, వెల్వెట్ గుడ్డలా మందంగా ఉందా? చాలా ఇళ్లలో అది మురికి అనుకుంటారు. ఒక నాయనమ్మ మనవడి మెడను సున్నిపిండితో, నిమ్మచెక్కతో రుద్ది రుద్ది ఎర్రగా ఒరుసుకుపోయేలా చేశారు. పాపం, ఆవిడ ప్రేమతోనే చేశారు. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ సరిగా పని చేయడం లేదనడానికి గుర్తు. రుద్దితే పోదు, బరువు దారికొస్తే మెల్లగా అదే పలచబడుతుంది.

ఇవి ఉంటే ఆగకుండా డాక్టరు దగ్గరకు వెళ్లండి: కుంటడం, తుంటి లేదా మోకాలి నొప్పి, గట్టిగా గురక పెట్టి పగలు తూగడం, తలనొప్పితో పాటు చూపు మసకబారడం, విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, తిన్నది కక్కేయడం, బతకాలని లేదు అన్న మాట. మొదటిది ప్రత్యేకంగా చెప్తాను. బరువైన పిల్లల్లో తుంటి ఎముక తల జారే జబ్బు ఒకటుంది. నొప్పి మోకాట్లో తెలుస్తుంది, తేడా తుంటిలో ఉంటుంది. ఒక అబ్బాయి రెండు నెలలు కుంటితే "బరువు వల్లే, ఇంకొంచెం నడవరా" అని ఇంట్లో వాళ్లు రోజూ నడిపించారు. చివరికి తుంటి ఎక్స్‌రే తీస్తే బయటపడింది, ఆపరేషన్ చేసి స్క్రూ వేశారు. ముందే తెలిసుంటే అంత దూరం వచ్చేది కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. బెంగళూరు పిల్లల బరువు ఎక్కడ పెరుగుతోందని నన్నడిగితే, సాయంత్రం నాలుగున్నరకు అంటాను. మీ వాడి రోజు మీరే రాశారు. ఆరూ యాభైకి స్కూల్ వ్యాను, కాబట్టి పొద్దున గ్లాసు పాలు తాగి పరిగెత్తుతాడు. పదకొండుకి చిన్న బ్రేకులో బిస్కెట్లు. పన్నెండున్నరకు తినే బాక్సులో చిత్రాన్నమో నూడుల్సో, అప్పటికే చల్లారి ఉంటుంది, సగం మిగులుస్తాడు. నాలుగున్నరకు దిగేసరికి ఒంట్లో శక్తి ఉండదు. అప్పుడు ఏది చేతికందితే అది తింటాడు. వీధి చివర బేకరీలో పఫ్, ఖారా బన్, కూల్ డ్రింక్. లేదంటే ఫోన్‌లో నొక్కితే పది నిమిషాల్లో గుమ్మం ముందుకొచ్చే ప్యాకెట్. ఆరింటికి ట్యూషన్, తొమ్మిదిన్నరకు ఇల్లు, పదింటికి, నెల కిందటి దాకా, పెద్ద భోజనం, పన్నెండుకి నిద్ర. మీరు రాత్రి అన్నం మాన్పించారు. రాత్రి అన్నం కాదమ్మా సమస్య, పగలంతా ఖాళీగా ఉన్న కడుపు.

అందుకని మొదటి పదిహేను రోజులు ఒక్కటే చేయండి. పొద్దున కడుపునిండా తినిపించండి, నాలుగున్నరకు కంచం సిద్ధంగా ఉంచండి. పొద్దున టైము లేదంటారు, తెలుసు. రెండు గుడ్లు ఉడికించడానికి పది నిమిషాలు, వ్యానులో కూర్చుని కూడా తినొచ్చు. రెండు గుడ్లలో పన్నెండు గ్రాముల ప్రొటీన్ వస్తుంది, ఆ వయసుకు రోజుకు కావాల్సిన 45 గ్రాముల్లో నాలుగో వంతు పైనే. గుడ్డు తినకపోతే పెసరట్టు చుట్టి చేతికివ్వండి. రాత్రే రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు.

నాలుగున్నర కంచం మాత్రం మీ అత్తగారికి అప్పజెప్పండి. ఆవిడ గారాబం చేసి చెడగొడుతున్నారని రాశారు. నా అనుభవంలో ఇంట్లో నాయనమ్మ, అమ్మమ్మ ఉన్న పిల్లలే త్వరగా దారికొస్తారు, ఆ పని వాళ్ల చేతుల్లో పెడితే. "మిక్చర్ పెట్టొద్దు" అని ఆవిడకు చెప్తే నొచ్చుకుంటారు. "అత్తయ్యా, వాడొచ్చేసరికి గుగ్గిళ్లు తాలింపు వేసి ఉంచుతారా, మీ చేతివైతేనే తింటాడు" అని అడిగి చూడండి. అలసందలు, శనగలు, ఉలవలు రోజుకొకటి. పచ్చి కొబ్బరి కొంచెం, కరివేపాకు, నిమ్మరసం. బొరుగుల్లో ఉల్లిపాయ, టమాట, వేయించిన పల్లీలు ఒక గుప్పెడు వేసి కలిపితే అదీ బాగుంటుంది. మాకు మదనపల్లెలో బొరుగులు నానబెట్టి తాలింపు వేసి ఉగ్గాని చేస్తారు, అది నూనె ఒక్క చెంచాతో కూడా కుదురుతుంది. డిసెంబరు, జనవరిలో ఇక్కడి సంతల్లో అవరెకాయలు కుప్పలు పోసి అమ్ముతారు చూడండి, అవి మన అనపకాయలే. గింజలు నానబెట్టి తొక్క పితికి పితికిపప్పు చేయండి, రాగి సంగటితో పెట్టండి. ఇది ఆరోగ్యం కోసం పెట్టే శిక్షలాంటి తిండి కాదు, పండగ తిండి. వాడితోనే గింజలు పితికించండి, పిల్లలకు ఆ పని భలే ఇష్టం.

ఈ కంచం కుదిరితే రాత్రి ఆకలి అదే తగ్గుతుంది. చాలా ఇళ్లలో మూడో వారానికే అమ్మలు ఈ మాట చెప్తారు, "ఏమీ చెప్పకుండానే రాత్రి తక్కువ తింటున్నాడండీ" అని.

తర్వాత తాగేవి. కూల్ డ్రింకుల్లో 100 మిల్లీలీటర్లకు దాదాపు పది గ్రాముల చక్కెర ఉంటుంది, 300 మిల్లీలీటర్ల డబ్బా అంటే ఆరేడు చెంచాలు. జ్యూస్ షాపులో మోసంబి రసం కూడా చక్కెర వేసే ఇస్తారు. పాలల్లో కలిపే చాక్లెట్ పొడి డబ్బా వెనక చదవండి, చాలా వాటిలో మూడో వంతుకు దగ్గరగా చక్కెరే. పొడి మానేసి పాలు అలాగే ఇవ్వండి, మొదట్లో నాలుగు రోజులు గొడవ పడతాడు. ఇంట్లో ఫ్రిజ్‌లో కూల్ డ్రింక్ సీసా ఎవరికోసమూ ఉండకూడదు, వాళ్ల నాన్న కోసం కూడా. బయటికెళ్లినప్పుడు ఎప్పుడైనా తాగితే తాగనివ్వండి, దాని గురించి మాట్లాడొద్దు.

అన్నం శత్రువు కాదు. అన్నం తీసేసి నూనె రాసిన చపాతీలు పెడితే పెద్ద తేడా ఏమీ రాదు. తేడా కూరలో ఉంది. మన కంచంలో అన్నం కొండంత, పక్కన కూర చెంచాడు, అదీ బంగాళదుంప వేపుడు. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో సగం కంచం కూరగాయలు, పండ్లు ఉండాలంది. మన ఇళ్లలో అంత దూరం ఒక్కసారిగా వెళ్లలేం. అన్నం ఎన్ని గరిటెలో, కూర, పప్పు కలిపి అన్ని గరిటెలు అని పెట్టుకోండి. గోరుచిక్కుడు, బీన్స్, సొరకాయ, ఆకుకూర పప్పు, ఏదైనా సరే. కుక్కర్ టేబుల్ మీదకు తేకండి, వంటింట్లోనే వడ్డించుకుని రండి. మళ్లీ కావాలంటే పెట్టుకోనివ్వండి, కాపలా కాయొద్దు. నూనెకు ఒకటే లెక్క, తలకు నెలకు ముప్పావు లీటరు. మీ ఐదుగురికి 3.75 లీటర్లు. ఒకటో తారీఖున కొన్న నూనె ఏ తేదీకి అయిపోతోందో క్యాలెండర్ మీద రాసుకోండి.

ఇవన్నీ ఇంట్లో అందరికీ. వాడికి గుగ్గిళ్లు పెట్టి చెల్లెలికి పిజ్జా తెప్పిస్తే, వాడికి అర్థమయ్యేది "నేను లావు కాబట్టి నాకు లేదు" అనే. ఆ అమ్మాయి సన్నగా ఉన్నా, తన లివర్‌కూ ఆ తిండి మంచిది కాదు.

ఆటల సంగతి. పిల్లలకు రోజుకు సగటున గంటసేపు ఒళ్లు కదలాలి, వారంలో మూడు రోజులు కండకు, ఎముకకు పని చెప్పేవి ఉండాలి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. గంట అనగానే భయపడకండి, ముక్కలు ముక్కలుగా చేసినా సరిపోతుంది. జిమ్‌కు వెళ్తే ఎత్తు ఆగిపోతుందనేది అపోహ. నేర్పేవాళ్లు పక్కన ఉండి, తేలికైన బరువులతో పద్ధతిగా చేయిస్తే పద్నాలుగేళ్లకు మంచిదే. ప్రొటీన్ పౌడర్లు, కొవ్వు కరిగించే మాత్రలు అమ్మే జిమ్ అయితే మాత్రం పంపొద్దు.

నా మాట వింటే పరుగుతో మొదలుపెట్టొద్దు. సిమెంటు రోడ్డు మీద 78 కిలోల పిల్లాడు పరిగెత్తితే మోకాళ్లు నొప్పెడతాయి, పైగా అందరికంటే వెనకబడతాడు. లావుగా ఉన్న పిల్లలకు సహజంగానే బలం ఎక్కువ. కబడ్డీ, షాట్‌పుట్, బరువులెత్తడం లాంటి వాటిలో వాళ్లు ముందుంటారు, ఈత, సైకిల్ కూడా వాళ్లకు బాగా కుదురుతాయి. హోరమావు దగ్గర ఒక అబ్బాయి పీఈటీ పీరియడ్ అంటేనే కడుపునొప్పి అనేవాడు. నా ముందు కూర్చున్నంతసేపూ స్కూల్ బ్యాగు ఒళ్లో పెట్టుకునేవాడు, పొట్ట కనబడకుండా. వాళ్ల నాన్న ఆదివారాలు సైకిల్ మీద వాడిని చెరువు గట్టుకు తీసుకెళ్లడం మొదలుపెట్టారు, తర్వాత శనివారం కూడా. స్కూల్లో ఒక సారు తాడు లాగుడు పోటీలో వాడిని చివర నిలబెట్టారు, జట్టు గెలిచింది. ఏడాదిలో 81 కిలోల నుంచి 79కి వచ్చాడు, రెండు కిలోలే. కానీ ఎత్తు 159 నుంచి 168 అయింది. బీఎంఐ 32 నుంచి 28కి దిగింది. బ్యాగు ఎప్పుడు కుర్చీ పక్కన కింద పెట్టడం మొదలుపెట్టాడో నేను గమనించలేదు, వాళ్లమ్మ చెప్తే చూశాను.

మీ ఇంటి నుంచి చెరువు దూరమైతే అపార్ట్‌మెంట్ కిందే బ్యాడ్మింటన్ చాలు. కానీ పెద్దవాళ్లలో ఒకరు వాడితో పాటు దిగాలి. "వెళ్లి ఆడుకో" అంటే వెళ్లడు, "రా, ఆడదాం" అంటే వస్తాడు.

నిద్ర గురించి త్వరగా చెప్పేస్తాను. ఈ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలి. తక్కువ పడుకుంటే మర్నాడు తీపి మీదకు, వేపుళ్ల మీదకు మనసు పోతుంది. రాత్రి పదిన్నర తర్వాత ఇంట్లో అందరి ఫోన్లూ హాల్లో చార్జింగ్‌లో ఉండాలి. ట్యూషన్ తొమ్మిదిన్నర దాకా ఉంటే బ్యాచ్ మార్చమని అడగండి. తొమ్మిదో తరగతికి అంత రాత్రి చదువు అవసరమా అని మీరిద్దరూ ఒకసారి కూర్చుని ఆలోచించండి.

ఇప్పుడు మాటలు. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం. బండోడా, బొండాం అని ముద్దుగా పిలిచినా సరే, ఈ రోజుతో ఆపేయండి. వాడు నవ్వుతాడు కానీ లోపల తగులుతుంది. చుట్టాలొచ్చి "ఏంట్రా, మీ అమ్మ తినేది కూడా నువ్వే తింటున్నావా" అంటే వాడి ముందే మీరు ఆపాలి. "అలా అనకండి పిన్నీ, మా ఇంట్లో ఒంటి గురించి మాట్లాడుకోం" అంటే చాలు. పిన్ని ఓ పూట అలుగుతారు, పర్లేదు. మీరు మీ ఒంటిని అద్దంలో చూసుకుని తిట్టుకోవడం కూడా మానేయండి, పిల్లలు అది వింటూనే పెరుగుతారు. వాడితో మాట్లాడాల్సి వస్తే బరువు మాట ఎత్తకుండా, మెట్లెక్కితే ఆయాసం, రాత్రి నిద్ర, ఆటలో ఓపిక గురించి అడగండి. నెల రోజుల చపాతీల సంగతి కూడా వాడితో చెప్పేయండి. "నాన్నా, నేను తొందరపడ్డాను, నీకు ఆకలేస్తోందని చూసుకోలేదు" అని. అమ్మ తప్పు ఒప్పుకుంటే పిల్లలు చాలా మెత్తబడతారు. కవర్లు దాచాల్సిన పని కూడా పోతుంది.

బరువు చూసే మిషన్ ఇంట్లో ఉంటే అటక మీద పెట్టేయండి. నెలకోసారి క్లినిక్‌లో చూస్తే చాలు. ఇంట్లో గోడ మీద పెన్సిల్‌తో ఎత్తు గీసుకోండి. నడుము కొలత ఎత్తులో సగం లోపు ఉండాలి, మీ వాడికి ఇప్పుడైతే 81 సెంటీమీటర్లు. అది ఏడాది, రెండేళ్లలో చేరాల్సిన చోటు, వచ్చే నెలకు కాదు.

మీరు అడగకపోయినా బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి చెప్తున్నాను. అలాంటి ఇంజెక్షనే అయిన సెమాగ్లూటైడ్‌కు అమెరికాలో 2022 డిసెంబరులో 12 ఏళ్లు నిండిన ఊబకాయం పిల్లల కోసం అనుమతి ఇచ్చారు. అది పిల్లల హార్మోన్ల డాక్టరు చూసి, అవసరమైన వాళ్లకు మాత్రమే నిర్ణయించాల్సిన మందు. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేది కాదు. కీటో విషయానికొస్తే, మందులకు లొంగని మూర్ఛ ఉన్న పిల్లలకు ఆసుపత్రి పర్యవేక్షణలో ఇచ్చే తిండి పద్ధతి అది. ఇంట్లో మనంతట మనం పెట్టేది కాదు.

పెళ్లి గురించి. షేర్వానీ సన్నబడ్డాక కుట్టిద్దామని ఆగినట్టు రాశారు. ఆగొద్దు. ఈ వారమే వాడిని తీసుకెళ్లి, రంగు వాడినే ఎంచుకోనిచ్చి, ఇప్పుడున్న ఛాతీకి, నడుముకి సుఖంగా ఉండేలా కొలతలు ఇప్పించండి. ప్యాంటు అడుగున మాత్రం రెండంగుళాల గుడ్డ లోపలికి మడిచి కుట్టమనండి. ఫిబ్రవరికి పొడుగు చాలకపోతే విప్పుకోవచ్చు.